దగ్గు పరీక్ష

పోయిన వారం మనం పాలిష్ మేస్త్రీ పెరట్లో ఆగాం. గరుకు కాగితాలు దాచుకునే రేకు డబ్బాలో, కాగితాల అడుగున, సిగరెట్ పాకెట్టు దొరికింది. దొరకబుచ్చుకున్నది మేస్త్రీ అక్కగారు. ఆవిడ ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్; దిండు ఎత్తు చూసి దాని కింద ఏముందో చెప్పగల మనిషి. చుట్టపుచూపుగా వచ్చిందనే అందరూ అనుకున్నారు. సాయంత్రం పూట కుర్చీ కోడు చీరకి గీరుకుంటోందని, రుద్దడానికి కాగితం ముక్క కోసం డబ్బా మూత తీసింది. అంతే.

మేస్త్రీ సిగరెట్ మానేసి చాలాకాలమైంది. గుండె పట్టేసి ఆస్పత్రిలో పడ్డప్పుడు, ఆ మంచం మీదే అక్క నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. మరి పాకెట్టు ఎవరిది? ఇంట్లో మిగిలింది భార్య, ఫర్నిచర్ షోరూములో అమ్మకాలు చూసే కొడుకు, తండ్రి దగ్గరే పని నేర్చుకుంటున్న పదహారేళ్ల కూతురు. "రేపు పొద్దున తేలుస్తా. ఎవరిదని తేలితే వాళ్లు ఈ ఇంట్లో అన్నం తినరు," అన్నాడు మేస్త్రీ.

పొద్దున అయింది.

మేస్త్రీ పని ఆపలేదు. ఆపలేడు కూడా. బీరువా తలుపుకి లక్క పూత మొదలుపెట్టాక మధ్యలో చెయ్యి తీస్తే చార పడుతుంది, ఆ చార మళ్లీ ఎన్ని పూతలు వేసినా మొహం చూపిస్తూనే ఉంటుంది. అందుకని విచారణనే పని దగ్గరికి రప్పించుకున్నాడు. షెడ్డు వెనక తలుపు బార్లా తీయించి, బయట అరుగు మీద అందర్నీ నిలబెట్టాడు. తను లోపల. మోచేతుల దాకా స్పిరిట్టూ లక్కా. గుడ్డలో చుట్టిన దూది ముద్ద తలుపు మీద సున్నాలు చుడుతూనే ఉంది. నోరు దాని పని అది చేస్తోంది.

ఆ షెడ్డుకి ఒకటే చట్టం. నిప్పు గుమ్మం దాటకూడదు. లోపల స్పిరిట్ డబ్బాలు, లక్క నానేసిన సీసాలు, చెక్కపొట్టు, తుడిచి పారేసిన గుడ్డల కుప్ప. అగ్గిపుల్ల గీసిన వాసన వస్తే చాలు, ఎంత పెద్ద బేరగాడినైనా బయటికి నెట్టేసేవాడు.

"ఎవరిదని అడగను," అన్నాడు మేస్త్రీ. "అడిగితే అబద్ధాలు చెబుతారు. ఊపిరితిత్తులు చెప్పవు. ఒక్కొక్కరూ ఒక్కో సిగరెట్ ముట్టించి గుండెల నిండా ఒక్క దమ్ము లాగండి. అలవాటు లేనివాళ్లకి దగ్గొస్తుంది. దగ్గు రానివాళ్లే దొంగ."

వార్డెన్‌కి తమ్ముడి తెలివి చూసి ముచ్చటేసింది. "ఇన్నేళ్లుగా ఆడపిల్లలకి తల నెరిసేలా కాపలా కాస్తున్నా, నాకీ ఉపాయం తట్టలేదు చూడు," అంది. కుర్చీలో కూచుని, దొరికిన పాకెట్టు ఒళ్లో పెట్టుకుని, మందుబిళ్లలు పంచినట్టు పంచింది. "ముందు నువ్వు రా అల్లుడూ."

కొడుకు ముందుకొచ్చాడు. ఆదివారం కూడా షోరూము తెరుస్తారు కాబట్టి టై కట్టుకునే ఉన్నాడు. టై చివర భుజం మీదికి వేసుకుని, మూడు పుల్లలు వృథా చేసి, ఎలాగో ముట్టించి లాగాడు. కళ్లు బయటికొచ్చాయి. వంగిపోయాడు. మోకాళ్లు పట్టుకుని దగ్గుతూనే ఉన్నాడు.

"పాసయ్యాడు," అంది వార్డెన్.

"దగ్గు కూడా షోరూము సరుకే. చప్పుడెక్కువ, మన్నిక తక్కువ," అంది చెల్లెలు.

అన్నయ్య కళ్లు తుడుచుకుంటూ, "నీ వంతూ వస్తుందిలే, అప్పుడు చూద్దాం నీ మన్నిక," అన్నాడు.

"ఇప్పుడు మరదలు," అంది వార్డెన్.

"నేనా వదినా?" తల్లి చేతులు కొంగులో దాచుకుంది. "నేనెందుకు?"

"న్యాయమన్నాక అందరికీ ఒకటే."

తల్లి సిగరెట్ తీసుకుని దూది ఉన్న వైపు నిప్పంటించింది. కంపు కొట్టింది. లోపల్నించి మేస్త్రీ పకపకా నవ్వాడు. "నాతో ఇన్నేళ్లు కాపురం చేసి ఏ కొసన ముట్టించాలో నేర్చుకోలేదు మహాతల్లి! ఇంకోటివ్వక్కా." ఇంకోటి ఇచ్చారు. ఈసారి సరైన కొసనే ముట్టించింది. ఒక్క దమ్ముకి గోడ పట్టుకుని జారి, అలాగే నేల మీద కూలబడి దగ్గింది. నోటి నుంచి చొంగ కారింది. నీళ్లివ్వడానికి కూతురు కదిలింది.

"కదలకు," అంది వార్డెన్. "చస్తుందా ఏం? నీ వంతు."

ఈ పిల్లని ఇంట్లో అగ్గిపుల్ల అంటారు. సన్నగా ఉంటుంది కాబట్టి అనుకుంటారు కొత్తవాళ్లు. కాదు. ఆ పేరు వచ్చిన దారి వేరు.

మేస్త్రీకి అప్పట్లో పని మధ్యలో సిగరెట్ కావాలి. చేతులకి స్పిరిట్, అగ్గిపెట్టె పట్టుకుంటే చేతులే అంటుకుంటాయి. అందుకని ఆ పిల్ల రెండో క్లాసులో ఉన్నప్పటి నుంచీ కేక వేసేవాడు: "ముట్టించుకురావే!" వంటింట్లో పొయ్యి దగ్గర ముట్టించాలి. వంటిల్లు ఒక చివర, షెడ్డు ఒక చివర, మధ్యలో గాలి తోలే పెరడు. మధ్యలో ఆరిపోతే తిట్లు, మళ్లీ మొదటికి పరుగు. ఆరిపోకుండా తేవాలంటే మార్గం ఒకటే. పొయ్యి దగ్గర ఒక దమ్ము, కుళాయి దగ్గర ఒక దమ్ము, గుమ్మం ముందు ఒక దమ్ము. మొదటి రోజుల్లో వాంతి చేసుకుంది. తర్వాత అలవాటైంది. అరచెయ్యి దొప్పలా కాపు పెట్టి, పొగ మూతి పక్కనించి వదలడం నేర్చుకుంది. అప్పుడు మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని, కాళ్లు లోపలే ఉంచి, దూడలా మెడ మాత్రం గుమ్మం బయటికి చాచేవాడు. పిల్ల సిగరెట్ తీసుకెళ్లి నోట్లో పెట్టేది. అది అయిపోయేదాకా పట్టుకుని నిలబడేది. ఆ కాసేపూ తండ్రి ఆమెతోనే మాట్లాడేవాడు. బళ్లో ఏం చెప్పారని అడిగేవాడు. టేకు వాసనకీ వేప వాసనకీ తేడా చెప్పేవాడు. బేరానికొచ్చిన వాళ్లతో, "మా అగ్గిపుల్లకి గాలంటే లెక్కలేదు, ఒక్కసారి కూడా ఆర్పకుండా తెస్తుంది," అని మురిసిపోయేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆ పిల్లకి ఆ నవ్వులే పెద్ద చదువులో వచ్చిన మార్కులు.

తల్లికి తెలుసు. బడికి పంపే ముందు వేలికి టూత్‌పేస్టు పెట్టి ఆ చిన్న నోరు తోమేది, టీచరు ముక్కున పడకుండా. మొగుణ్ణి ఒక్క మాట అనేది కాదు.

అలాంటి పిల్లకి దొంగ దగ్గు దగ్గడం ఎంత పని? దగ్గుదామనే అనుకుంది. పుల్ల గీసేదాకా అదే ఆలోచన. కానీ అరచెయ్యి తనంతట తాను దొప్పలా వంగింది. ఒక్క గీతకి అంటుకుంది. పెదాలు లాగాయి, మూతి పక్కనించి పొగ సన్నగా పోయింది, కళ్లు కూడా చెమర్చలేదు. దగ్గాలని గుర్తొచ్చేసరికి ఆలస్యమైపోయింది. గుర్తొచ్చాక చూసుకుంటే చెయ్యి ముందుకి చాచి ఉంది. దూది కొస గుమ్మం వైపు, నిప్పు తన వైపు.

"అదేంటే, ఎవరికిస్తున్నావు?" అంది వార్డెన్.

పిల్ల చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"దొరికింది!" మేస్త్రీ గుమ్మంలోకి వచ్చాడు. దూది ముద్ద చేతిలోనే ఉంది. బీరువా తలుపు మీద చార పడుతున్నా చూడలేదు. "చూశావా అక్కా? ఉక్కిరిబిక్కిరైందా, దగ్గిందా? మిల్లు గొట్టంలా పొగ వదిలింది. ఆ నోటితో నన్ను నాన్నా అంటావే నువ్వు? ఆ నోరు పెట్టుకుని నా బీరువాల మీదకి వంగి పూత వేస్తావా? ఆడపిల్లని పనిలో పెట్టుకున్నానని ఊరంతా నవ్వితే, నా కూతురు బంగారం అన్నాను. బంగారం కాదు, ఇత్తడి. దాని మీద నా పూత."

"నాన్నా..."

"నోర్ముయ్. కంపు." కొడుకు వైపు తిరిగాడు. "ఒరే, దీని ముద్ద ఏదీ?"

పాలిష్ పనివాళ్లకి దూది ముద్ద చేతి కింద చెయ్యి లాంటిది. వాడిన కొద్దీ మెత్తబడుతుంది, పట్టుకున్న చేతి అచ్చుకి వస్తుంది. ఎండిపోకుండా మూత బిగించిన సీసాలో పెడతారు. అగ్గిపుల్ల తన ముద్దని పని నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజునించీ మార్చలేదు. దాంతో తను వేసిన పూతలో మొహం చూసుకుని దువ్వుకోవచ్చని తండ్రే అనేవాడు.

"మూత తీసి ఎండలో పెట్టు," అన్నాడు మేస్త్రీ.

అన్నయ్య సీసా తెచ్చాడు. మూత తిప్పాడు. ముద్దని రెండు వేళ్లతో, చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు పట్టుకుని, పెరటి గోడ మీద ఎండ నిలబడ్డ చోట పెట్టాడు. "మధ్యాహ్నానికి రాయి," అన్నాడు, చెల్లెలి మొహంలోకి చూస్తూ. "దాంతో గచ్చు తోముకోవచ్చు నువ్వు, హాస్టల్లో."

పిల్ల ముద్ద వంక చూసింది. అటు పరుగెత్తుతుందనుకున్నారు. పరుగెత్తలేదు.

"నేను తాగుతాను," అంది. "తాగుతాను అత్తా. కానీ ఆ పాకెట్టు నాది కాదు."

"మరి నాదా?" అంది వార్డెన్. "హాస్టల్లో ప్రతి పిల్లా ఇదే మాట. తాగుతాం కానీ ఇది మాది కాదు మేడం."

"నాది నేను ఇంట్లో పెట్టను. పెట్టేంత పిచ్చిదాన్నా?" తండ్రి వైపు తిరిగింది. "నువ్వు మానేశావు నాన్నా. అత్త నెత్తి మీద ఒట్టేసి, ఆస్పత్రి నించి వచ్చి, ఒక్క రోజులో మానేశానని అందరికీ చెప్పుకున్నావు. మంచిదే. నన్ను మాన్పించడం మాత్రం మర్చిపోయావు. ఆ రోజు నించీ 'ముట్టించుకురావే' అన్న కేక లేదు. గుమ్మం దగ్గర మాటల్లేవు. పనిలో 'అది తే, ఇది పట్టు' తప్ప నువ్వు నాతో మాట్లాడింది ఏదన్నా ఉంటే చెప్పు. నీకు మందులిచ్చారు, పథ్యం పెట్టారు, అత్త కాళ్లు పట్టింది. నాకు ఒళ్లంతా పీకుతుంటే ఏమిచ్చారు? మెట్ల కింద నక్కి నేనే ముట్టించుకున్నాను. నీ కోసమని కాసేపు చెయ్యి అలా చాచి పట్టుకునేదాన్ని తెలుసా? తర్వాత నేనే తాగేదాన్ని."



"ముట్టించి తెమ్మన్నాను గానీ, తాగమన్నానా?" అన్నాడు మేస్త్రీ.

"లాగకుండా అంటుకుంటుందేంట్రా?" అంది వార్డెన్, అలవాటుగా, అనుకోకుండానే.

"లాగడం వేరక్కా, తాగడం వేరు! లాగేది నాకోసం. తాగేది దాని కొవ్వు." తన మాట తనకే నచ్చింది. "తల్లి పెంపకం. కూతురి నోరు వాసన చూడని తల్లి ఎక్కడన్నా ఉంటుందా?"

నేల మీద కూచున్న తల్లి మూతి తుడుచుకుంది. ఆ నోటిని బడి గంట కొట్టేలోపు ఎన్నిసార్లు తోమిందో చెప్పలేదు. కూతురు ఆమె వంకే చూసింది, చెబుతుందేమోనని. తల్లి కళ్లు దించుకుంది.

అప్పుడు అగ్గిపుల్ల ఒక పని చేసింది. కోపంతో చేసిందో, పరీక్షకి పరీక్షగా చేసిందో, ఆ క్షణంలో అడిగితే ఆమే చెప్పలేకపోయేది. చేతిలో సిగరెట్ ఇంకా వెలుగుతోంది. రెండడుగులు వేసి గుమ్మం ముందు నిలబడింది. అరచెయ్యి దొప్పలా పట్టి, దూది కొస తండ్రి వైపు తిప్పి, నోటి ఎత్తుకి చాచింది. ఎప్పటిలాగే.

మేస్త్రీ చేతులు వెనక్కి వెళ్లాయి. కాళ్లు లోపలే ఉన్నాయి. మెడ బయటికి సాగింది. పెదాలు తెరుచుకున్నాయి.

తిట్టడానికే తెరిచాడనుకున్నారు అందరూ. కాదు. దూది కొస పెదాలకి తగిలింది, పెదాలు మూసుకున్నాయి, బుగ్గలు లోపలికి పోయాయి. కొస ఎర్రగా రాజుకుంది. గుండెల నిండా లాగాడు. కళ్లు సగం మూతలు పడ్డాయి. ముక్కులోంచి రెండు పాయలుగా పొగ, నింపాదిగా, ఇంటికొచ్చిన మనిషి చెప్పులు విప్పినంత నింపాదిగా వచ్చింది.

కళ్లు తెరిచాడు. నలుగురూ తననే చూస్తున్నారు.

వార్డెన్ లేచి నిలబడింది. ఒళ్లోని పాకెట్టు కిందపడింది. "ఒరే తమ్ముడూ," అంది మెల్లగా. "నీకు దగ్గు రాలేదేంరా?"

"పాత... పాత అలవాటు కదక్కా. ఒంటికి గుర్తుంటుంది."

"ఇన్నాళ్లు మానిన గుండెకాయ ఇంత పొగ మింగితే నీ పెళ్లాం కంటే ఎక్కువ దగ్గాలి." ఆవిడ చెయ్యి తెలీకుండానే తన నెత్తి మీదికి వెళ్లింది, ఒట్టు పడ్డ చోటికి. "ఎవరు దగ్గకపోతే వాళ్లే దొంగన్నావు. నువ్వేగా అన్నది?"

"మధ్యాహ్నం పూట పళ్లెందుకు తోముకుంటున్నావు నాన్నా అని అడిగాను అత్తా," అంది పిల్ల. "ఉత్తినే అడిగాను. దానికి బేరగాళ్ల ముందు చెంప పగలగొట్టాడు. ఎందుకో ఇప్పటిదాకా తెలీలేదు."

మేస్త్రీ మొహంలో రంగు మారింది. సిగ్గు పడతాడేమో అనిపించింది ఒక్క క్షణం. పడలేదు. మాటతో పాటు మిగిలిన పొగ కూడా బయటికొచ్చింది:

"సంచి తియ్. అత్తతో హాస్టల్‌కి పోతున్నావు."

తల్లి గోడ పట్టుకుని లేచింది. లోపలికి వెళ్లింది. వెళ్లినంత సేపు పట్టలేదు, వచ్చేసింది. చేతిలో సంచి. జిప్పు వేసి ఉంది. పైన తువ్వాలు మడత పెట్టి ఉంది.

కూతురు సంచి వంక, తల్లి వంక చూసింది. "ఎప్పుడు సర్దావమ్మా?"

"నిన్న పొద్దున," అంది తల్లి. నోరు జారిందని అన్నాక తెలిసింది. "మీ నాన్న సర్దమన్నారు."

పాకెట్టు దొరికింది నిన్న సాయంత్రం.

అన్నయ్య టై సరిచేసుకుంటూ నేల చూశాడు. వార్డెన్ మాత్రం ఇంక నేల చూడలేకపోయింది. "ఫోన్ చేసి రమ్మన్నాడే కోడలా," అంది. "పిల్లకి పని మీద ధ్యాస లేదు, నీ హాస్టల్లో పెట్టుకో, ఏదో ఒక వంక నేను చూస్తానన్నాడు. వంక నా చేత్తోనే దొరికిందనుకున్నాను."

పిల్ల ఏడుస్తుందనుకున్నారు. సంచి అందుకుంటుందనుకున్నారు. గోడ మీద ముద్ద అప్పటికే అంచుల్లో బిగుసుకుంటోంది. ఆమె దాని వంక చూడలేదు. సిగరెట్ చేతిలో ఉండగానే కాలెత్తి, గుమ్మం దాటింది.

"ఏయ్!" మేస్త్రీ గొంతు పగిలింది. ఆపాలంటే పట్టుకోవాలి. పట్టుకోవాలంటే చేతులు కావాలి. ఆ చేతుల నిండా స్పిరిట్. రెండు చేతులూ తలకంటే పైకెత్తి, పట్టుబడ్డ దొంగలా, గోడకి అతుక్కుని దారి ఇచ్చాడు. కూతురు అతన్ని రాసుకుంటూ లోపలికెళ్లి, స్పిరిట్ డబ్బాకీ గుడ్డల కుప్పకీ మధ్య నిలబడింది. కుప్ప మీదుగా చెయ్యి చాచింది. సిగరెట్ కొసన బూడిద వేలెడు పొడుగుంది.

"బయటికి రావే తల్లీ," అంది వార్డెన్, గుమ్మం బయట్నించే.

"వస్తానత్తా. ఒక్క మాట వినేసి వస్తాను." పిల్ల తండ్రి వైపు తిరిగింది. "పాకెట్టు ఎవరిది నాన్నా? నువ్వు చెప్పు. నీ నోటితో. చెబితే ఇది కుళాయి కింద ఆర్పేసి, నా ముద్ద నేను తెచ్చుకుని, పనిలో కూచుంటాను. నేను కూడా మానేస్తాను, చూస్తూ ఉండు."

మేస్త్రీ కూతురి మొహం చూడలేదు. బూడిద వంకే చూస్తున్నాడు. అది వంగుతోంది.

"నాది అను. రెండక్షరాలు."

నోరు తెరిచాడు. నాలుక కదిలింది. 'నా' అన్న అక్షరం గొంతు దాకా వచ్చిందని అరుగు మీద నిలబడ్డ ముగ్గురూ ఒప్పుకుంటారు. అక్కడ ఆగింది. మాటకి బదులు, పొద్దుట్నించీ అందరూ ఎదురుచూసిన దగ్గు వచ్చింది. తెరలు తెరలుగా, ఆపుకోలేనిది, ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండగా నడుం విరిగిపడేంత దగ్గు.

ఆ చప్పుడుకి పిల్ల ఉలిక్కిపడింది. "నాన్నా!" అంటూ చెయ్యి విదిలించింది.

రాలింది బూడిద ఒక్కటే కాదు.